వేడినీళ్లలో చెప్పిన నాటకం

ఒసాకా నుంచి ఉత్తరం వచ్చేసరికి మా ఆయన ముసలమ్మ వేషంలో ఉన్నాడు. పళ్లకి నల్లరంగు పూసుకుని, నెరిసిన విగ్గు పెట్టుకుని, గ్రీన్‌రూమ్ చాప మీద కూర్చుని ఆవిరిలో ఉడికిన గుడ్డు ఒలుచుకుంటున్నాడు. ఉత్తరం ఒకసారి చదివాడు. ఇంకోసారి చదివాడు. గుడ్డు తీసి నా చేతిలో పెట్టేశాడు.

"ఫుసాయే, టీవీ వాళ్లు రమ్మంటున్నారు." గొంతు మాత్రం ఇంకా ముసలమ్మదే.

"అక్కడా ముసలమ్మేనా?"

"కాదే పిచ్చిదానా! పాతకాలం పోలీసు అధికారి. సీరియల్ వారం వారం వస్తుందట. నా సొంత మొహంతో!"

"మీ సొంత మొహం చూసి నాకే చాలా రోజులైంది," అన్నాను.

నవ్వి ఉత్తరం మడిచి నడుముకి దోపుకున్నాడు. నెలాఖరులోగా ఒప్పుకున్నదీ లేనిదీ రాయాలి. అప్పటికి ఆగస్టు ఏడో తారీఖు.

మాది మినేకావా నాటక సమాజం. తొమ్మిది మంది మనుషులు, ఒక లారీ, విగ్గుల పెట్టెలు పద్నాలుగు. నెలకో ఊరు. ఆ నెల వేడినీటి బుగ్గల ఊరు బెప్పూలో 'కామెయు' అనే స్నానాల ఇంట్లో ఆడుతున్నాం. జనం పొద్దున్నే వచ్చి వేడినీళ్లలో నానుతారు, నానాక పెద్ద హాల్లో చాపల మీద కాళ్లు చాపుకుని, బీరు తాగుతూ, ఉడికిన గుడ్లు తింటూ మా నాటకం చూస్తారు, చూసి మళ్లీ నానడానికి పోతారు. రోజుకి రెండు ఆటలు. చూసినవాళ్లే రేపూ వస్తారు కాబట్టి నాటకం రోజూ మారాలి. నేను ఆ ఊరి టోఫు కొట్టు వాళ్ల పిల్లని. పద్దెనిమిదేళ్లప్పుడు ఒక్క నెల వీళ్ల నాటకాలు చూసి, నెలాఖర్న సామాన్ల లారీ ఎక్కేశాను. మా నాన్న రెండేళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే ముందు వరసలో కూర్చుని ఈలలు వేశాడు.

మా ఆయన కినోసుకే మూడో ఏట స్టేజి ఎక్కాడు. ఆ వేసవికి ముప్పై తొమ్మిదేళ్లు. దొంగ, తాగుబోతు, వడ్డీవ్యాపారి, ముసలమ్మ, ముసలమ్మ, ఇంకో ముసలమ్మ. ఒక్కసారి కూడా హీరో వేషం కట్టలేదు. హీరో మా మామగారు ర్యూజో. సమాజానికి పెద్ద, అంటే మా మాటల్లో జాచో, ఆయనే. అరవై ఏడేళ్ల మనిషి చెవుల వెనక టేపుతో చర్మం బిగలాగి, తెల్లరంగు దట్టించి, పాతికేళ్ల జూదరి కుర్రాడై దూకుతూ వచ్చేవారు. ముందు వరసలో రోజూ కూర్చునే కునికో బామ్మ, "మా ర్యూజోకి ఇంకా పెళ్లీడు రాలేదమ్మా," అని అందరితో అనేది. మామగారు అది విని పొంగిపోయేవారు, వెటకారమని ఆయనకి ఎవరు చెప్తారు?

ఆ ఉత్తరంతో నాకు నిద్ర పట్టలేదు. వెళ్దాం అని మొదట అన్నది నేనే. ఒక వంటిల్లు, కదలని కిటికీ, మా ఆయన మొహం వారానికోసారి దేశమంతా చూడ్డం. ఎవరికి చేదు? కానీ ఆయన వెళ్తే రెండో వేషం కట్టేవాడు లేడు. సమాజం మూతపడుతుంది. ఆ సంగతి మామగారికి ఎలా చెప్పాలో తెలీక వారం రోజులు నీళ్లు నమిలాం.

చనిపోయిన పెద్దలు ఇళ్లకు వచ్చే ఒబోన్ పండగ రోజులు అవి. పద్నాలుగో తారీఖున హాలు నిండిపోతుందని, కామెయు యజమానురాలు ఒగాతా గారు పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్లింది. అప్పుడే మేమంతా పాఠానికి కూర్చున్నాం.

మాకు పుస్తకం ఉండదు. నాటకాలన్నీ మామగారి బుర్రలో ఉంటాయి, రెండొందల పైచిలుకు. పొద్దున తొమ్మిదింటికి ఆయన మధ్యలో కూర్చుని నోటితో చెప్పుకుపోతారు, మేం విని పట్టుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆడేయాలి.

"కొండ కనుమ మీద టీ కొట్టు. ముసలమ్మ కినో. ముసలమ్మ కొడుకుని దొంగలు చంపేశారు. కోడలు ఫుసాయే. నేను బాటసారి జూదరిని. టీ తాగుతాను. కథ వింటాను. కన్నీళ్లు పెట్టుకుంటాను. దొంగలు వస్తారు. సెంజో, నువ్వు దొంగల నాయకుడివి. నరికేస్తాను. అందరూ చస్తారు. నేను వెళ్లిపోతాను. మంచు పడుతుంది. తెర."

"కన్నీళ్లు ఎంతసేపు జాచో?" అన్నాడు సెంజో. సమాజంలో మామగారి తర్వాత పాత మనిషి ఆయనే.

"జనం గుడ్లు తినడం ఆపేదాకా."

పాఠం అయ్యాక అందరూ లేచారు. మా ఆయన లేవలేదు. ఉత్తరం తీసి తండ్రి ముందు పెట్టాడు. మామగారు కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశారు.

"పో. నిన్నెవరు కట్టేశారు?"

"ఒక్క హీరో వేషం ఇవ్వు నాన్నా. ఒక్కటి. నేనెక్కడికీ పోను."

"టీవీ వాడు ఇస్తున్నాడుగా!"

"వాళ్లు ఇచ్చేది వాళ్లిస్తారు. నేనడిగేది నిన్ను."

"ఒరే, హీరో వేషం అంటే తాంబూలమా, ఒకడిస్తే ఇంకొకడు పుచ్చుకోడానికి? అది జనం ఇవ్వాలి. నన్ను అడిగితే ఏం లాభం?"

"నువ్వు పక్కకి తప్పుకుంటేగా, జనానికి నేను కనపడేది!"

సెంజో దగ్గాడు. మామగారు తువ్వాలు భుజాన వేసుకుని మగవాళ్ల స్నానాల వైపు వెళ్లిపోయారు. సెంజో, దొంగల వేషగాళ్లు నలుగురు ఆయన వెనకే నడిచారు. మా ఆయన వెళ్లలేదు. గ్రీన్‌రూమ్‌లోకి వచ్చి విగ్గు ముందేసుకుని దువ్వడం మొదలెట్టాడు.

"నాన్న మీద కోపం విగ్గు మీదా? దాని జుట్టు ఊడొస్తోంది," అన్నాను.

"రాసేస్తున్నా. వస్తానని ఇవాళే రాసేస్తున్నా."

"రాయండి. ఆట అయ్యాక. ముందు పళ్లకి రంగు పూసుకోండి."

అక్కడ వేడినీళ్లలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. మామగారు గొంతు దాకా నీళ్లలో మునిగి రుసరుసలాడుతూ కూర్చున్నారట. పక్కనే నానుతున్న ముసలాళ్లు ఊరుకోలేదు. "ర్యూజో! ఆ కనుమ మీద టీలో విషం కలిపే ముసలిదాని నాటకం వెయ్యవయ్యా. పండగ పూట ఏడుపులెందుకు?" అని బతిమాలారట. జనం అడిగితే మామగారు కాదనలేరు. సరే అన్నారు. టీ కొట్టు అదే, కనుమ అదే, దొంగలు వాళ్లే. కానీ అందులో ముసలమ్మ బాధపడే తల్లి కాదు. దొంగల ముఠాకి అక్క. దారిన పోయేవాళ్లకి విషం పోసి చంపుతుంది. ఆయన అక్కడే, నీళ్లలోనే, కొత్త పాఠం చెప్పేశారు. సెంజో, ఆ నలుగురూ తలల మీద తడిగుడ్డలు వేసుకుని విన్నారు. మా ఆయనకి ఎవరు చెప్పాలి? కొడుకే కదా, తండ్రి చెప్తాడని సెంజో అనుకున్నాడు. కొడుకుతో మాట్లాడనని భీష్మించుకున్న మామగారేమో సెంజో చెప్తాడనుకున్నారు.

ఒంటిగంటకి తెర లేచింది. మూడొందల మంది. చాప అంగుళం కనబడ్డం లేదు.

మా ఆయన నడుం వంచి పొయ్యి విసురుతూ కూర్చున్నాడు. నేను స్టేజి పక్క వింగులో ఉన్నాను. మామగారు చారల దుప్పటి కప్పుకుని, వెడల్పాటి బుట్టటోపీ పెట్టుకుని దూకుతూ వచ్చారు. "జాచో!" అని నలుమూలల నుంచీ కేకలు. ఆయన బెంచీ మీద కూర్చున్నారు.

"కనుమ ఎక్కి అలిసిపోయావు నాయనా. కాస్త సేదదీరు," అంటూ మా ఆయన టీ ఇచ్చాడు, కడుపుకోతతో ఉన్న తల్లి గొంతుతో. ఆ గొంతు వింటే నాకే ఏడుపొస్తుంది.

మామగారు టీ వాసన చూశారు. లేచి గిన్నె నేలకి విసిరికొట్టారు.

"ఇందులో ఏం కలిపావే, ముసలి రాకాసీ!"

పొద్దుటి పాఠంలో ఆ మాట లేదు. మా ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నల్ల పళ్లు మొత్తం హాలుకి కనబడుతున్నాయి. ఒక్క క్షణమే. తర్వాత గిన్నె వైపు చూసి, తండ్రి వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు.

"ఏమీ కలపలేదు నాయనా. నిన్నటి ఆకే మళ్లీ కాచాను. అంతలోనే కనిపెట్టేశావా?"

హాలు గొల్లుమంది. కునికో బామ్మ నవ్వలేక పక్కావిడ మీద పడిపోయింది. మామగారి కళ్లలో అప్పుడు కనిపించింది, ఆయనకి సంగతి అర్థమైందని. కానీ స్టేజి మీద ఆగేదెలా? ఆయన తన నాటకమే ఆడారు, "నీ వేషాలు నా దగ్గర చెల్లవు! ఈ కనుమలో ఎంతమందిని పంపావు?" అంటూ. మా ఆయన తన నాటకం తను ఆడాడు, "ఒక్కగానొక్క కొడుకుని పంపాను నాయనా," అని కన్నీళ్లు కారుస్తూ. జనానికి ముసలిది నిజం చెప్తోందో బుకాయిస్తోందో తెలీడం లేదు. గుడ్లు తినడం మానేశారు.

ఇక నా ప్రవేశం. నాకు తెలిసింది పొద్దుటి పాఠమే. వేరే దారి లేదు, ఏడుస్తూ పరుగెత్తాను.

"అత్తయ్యా! మీ అబ్బాయిని చంపినవాళ్లు వస్తున్నారు!"

నా మాట పూర్తవకముందే అవతలి వైపు నుంచి సెంజో కత్తి తిప్పుతూ వచ్చి ముసలమ్మకి దండం పెట్టాడు.

"అక్కా! వీడేనా ఇవాళ్టి కోడిపుంజు?"

నేను ఆ ముసలిదాని కోడల్ని. సెంజో తమ్ముడు. మామగారు చంపడానికొచ్చినవారు. ముగ్గురం మా ఆయన మొహమే చూస్తున్నాం. మధ్యలో ఆయన, అడకత్తెరలో పోకచెక్క.

"ఒసే, నీకు ఇంతమంది చుట్టాలున్నారా!" అని అరిచింది కునికో బామ్మ.

మా ఆయన నడుం నిటారు చేశాడు. అంత పొడుగ్గా ఉంటాడని నేనే మరిచిపోయాను. రెండు చేతులా నెరిసిన విగ్గు పట్టుకుని ఊడబీకి పొయ్యి పక్కన పెట్టాడు. తల మీద విగ్గు కింద కట్టుకునే గుడ్డ మాత్రం ఉంది. పళ్ల నల్లరంగు చేతి వెనకవైపుతో తుడిచేశాడు.

"నేను ఎవరికీ అక్కని కాను. ఎవరికీ అత్తనీ కాను. మీరు చంపేశామనుకున్న ఆ కొడుకుని నేనే! మూడేళ్లుగా మా అమ్మ కిమోనోలో ఈ పొయ్యి దగ్గర కూర్చుని మీ కోసం ఎదురు చూస్తున్నాను."

అబ్బ, ఆ గొంతు! పదిహేనేళ్ల కాపురంలో ఆ గొంతు నేను వినలేదు. నేను భార్యని కదా, నిజంగానే ఏడ్చేశాను. జనం చేతులు కొట్టారో చాపలు కొట్టారో గానీ పైకప్పు అదిరింది.

కానీ కనుమ మీద ఇప్పుడు హీరోలు ఇద్దరు. కథకి ఒక్కడే కావాలి. మామగారు కొడుకుని పైనుంచి కింది దాకా చూశారు. ఆయన ఒక్క మాటంటే కథ మళ్లీ ఆయనదైపోతుంది. 'తమ్ముడూ, పక్కకుండు' అంటే చాలు. ఆ మాట ఆయన నాలుక చివర ఉందని నాకు తెలుసు.

సెంజోకి ఏం చెయ్యాలో తోచక కత్తి ఎత్తాడు. ఎత్తి మామగారి మీదికి దించాడు. ఆ దెబ్బకి ఆయన ఎప్పుడూ ఎడమకి ఒరుగుతారు, ఒరిగి తిరుగుదెబ్బ కొడతారు. నలభై ఐదేళ్లుగా అంతే. ఆ మధ్యాహ్నం ఒరగలేదు.

వెదురు కత్తి భుజం మీద టప్పున తగిలింది. సెంజో హడలిపోయి, "క్షమించండి జాచో!" అనేశాడు, మూడొందల మంది ముందు.

మామగారు మోకాళ్ల మీద కూలారు. మినేకావా ర్యూజో స్టేజి మీద చావడం ఏ ఊళ్లోనూ ఎవరూ చూసి ఎరగరు. మా ఆయన పరుగెత్తి ఒళ్లోకి తీసుకున్నాడు.

"చచ్చిపోకు ర్యూజో!" అని గొంతు చించుకుంది కునికో బామ్మ.

మామగారు ఒక కన్ను తెరిచారు. "బామ్మా, మొదటిసారి చస్తున్నాను. కాస్త సరిగ్గా చావనివ్వు."

నవ్వుల్లో ఏడుపు, ఏడుపుల్లో నవ్వు. ఆ గోల తగ్గేదాకా ఆగి, ఆయన చారల దుప్పటి విప్పి కొడుకు భుజాల మీద కప్పారు.

"కుర్రాడా, నీ పేరేమిటి?"

ఆ కొడుకు పాత్రకి పేరెక్కడిది? ఏ పాఠంలోనూ లేడు వాడు. మా ఆయన తడుముకున్నాడు.

"కినోసుకే."

"కినోసుకే." మామగారు ఆ పేరు ఏదో కొత్తగా వింటున్నట్టు పలికారు. "మంచి పేరు. ఇక్కడి నుంచి దారి నువ్వు నడు."

కత్తి చేతిలో పెట్టి తల వాల్చేశారు. ఆ తర్వాత పది నిమిషాలు మా ఆయన ముసలమ్మ కిమోనోలో, చారల దుప్పటితో, సెంజోని, ఆ నలుగురినీ కనుమంతా పరుగులు పెట్టించి నరికాడు. వెనక నుంచి ఎవరో "రెండో తరం మినేకావా!" అని అరిచారు. ఇంకొకరు అందుకున్నారు. చివరికి హాలంతా అదే కేక. కాగితాల మంచు పడింది. తెర పడింది.

మామగారు లేవలేదు.

"మామయ్యగారూ!" నేను పరుగెత్తాను. నిజంగా తగిలిందేమో, అరవై ఏడేళ్ల గుండె కదా అని మీదికి వంగాను. తీరా చూస్తే కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తున్నారు. తెల్లరంగు మీద రెండు చారలు కిందికి జారాయి.

"నాన్నా, లే. బయట జనం ఎదురు చూస్తున్నారు, వెళ్లి మాట్లాడు," అన్నాడు మా ఆయన ఆయాసపడుతూ.

ఆట అయ్యాక తెర ముందుకి వెళ్లి జనానికి దండం పెట్టి, రేపటి నాటకం పేరు చెప్పేది జాచో. ఇంకెవరూ చెప్పరు.

"నేనెలా వెళ్తాన్రా? చచ్చినవాడు తెర ముందుకొచ్చి రేపటి కబుర్లు చెప్తే జనం నవ్వరూ? నువ్వు పో."

"నేనా?"

"రేపటి నాటకం చెప్పేవాడు రేపు ఇక్కడ ఉండాలి. ఆలోచించుకునే పో."

మా ఆయన నా వైపు చూశాడు. వంటిల్లు, కిటికీ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అబద్ధమెందుకు, తిరిగాయి. కానీ ఆ కేకలు విన్న చెవులతో ఇంకేం చెప్పను? ఆయన దుప్పటి ముడి సరిచేసి వీపు మీద ఒక్క తోపు తోశాను.

తెర అవతల చప్పట్లు మోగి ఆగాయి. మామగారు పడుకునే నా కిమోనో చెంగు పట్టుకుని లాగారు.

"అమ్మాయ్, సందులోంచి చూడు. జనం లేచిపోతున్నారా?"

"ఒక్కరు కదిలితే ఒట్టు, మామయ్యగారూ."

"నేను మాట్లాడితే సగం మంది స్నానానికి పోతారు," అన్నారు. ఈర్ష్యా ఉంది అందులో, దాని కంటే పెద్దదింకేదో ఉంది.

మా ఆయన గొంతు వినబడింది. మొదట తడబడింది. మా నాన్న ఇవాళ మొదటిసారి చచ్చారు, కొత్త కదా, తప్పులుంటే మన్నించండి అన్నాడు. హాలు నవ్వింది. ఆగాడు. ఎంతసేపు ఆగాడో! మామగారి పిడికిట్లో నా చెంగు నలిగిపోయింది.

"రేపటి నాటకం," అన్నాడు మా ఆయన. "కనుమ దాటాక ఏమైందో, అది. ఇదే టైముకి. అందరూ రండి."

కునికో బామ్మ వస్తాననీ, గుడ్లు తెస్తాననీ కేకేసింది. మామగారు చెంగు వదిలేశారు.

"వెధవ. అలాంటి నాటకం నా దగ్గర లేనే లేదే! ఎక్కణ్నుంచి తెస్తాడట?" అంటూ లేచి కూర్చుని, భుజం రుద్దుకుంటూ, ఎంత ఆపుకున్నా ఆగక నవ్వేశారు.

సాయంత్రం ఆటకి ముందే మా ఆయన ఒసాకాకి జవాబు రాశాడు. రాలేనని రెండు ముక్కలు. పోస్టు డబ్బాలో వేసింది నేనే. వెయ్యబోతూ ఒక్క నిమిషం ఆగాను కూడా. దాని గురించి ఈనాటికీ ఆయనకి చెప్పలేదు. ఇప్పుడు ఆయనకి ఎనభై దాటాయి. పోయిన నెల కూడా కుమామోతోలో ఆడి వచ్చాం.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పాఠం. మా ఆయన మధ్యలో కూర్చున్నాడు. రాత్రంతా కథ అల్లుకున్న కళ్లు. అందరం చుట్టూ చేరాం. చివర్న మామగారు వచ్చారు. తన చోటు వైపు ఒక అడుగు వేశారు, ఆగారు, తిరిగి వచ్చి సెంజో పక్కన చోటు చేసుకుని బాసింపట్టు వేసుకున్నారు. భుజానికి మందుపట్టీ వేసి ఉంది. ఎవరూ ఎటూ చూడలేదు.

మా ఆయన చెప్పుకుపోయాడు. కనుమ అవతలి ఊరు. వంతెన. సారా కొట్టు. ఒక్కొక్కరి వేషం చెప్తున్నాడు. మామగారు బుద్ధిగా వింటూ వింటూ చెయ్యెత్తారు.

"జాచోగారూ."

ఆ మాట తండ్రి నోట వినగానే మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పు నాన్నా."

"ఇందులో నేనెక్కడ చస్తాను? ఒకసారి అలవాటైంది. ఈసారి ఇంకా బాగా చస్తాను."

"నువ్వు చావవు నాన్నా," అన్నాడు మా ఆయన. "చివరిదాకా ఉంటావు."